ఇంజనీరు చదువులో ఐదవ వంతు

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ అనే పేరుగల కళాశాల ఒకటి ఉంది. పొడి అక్షరాలలో దానిని ఎం.ఐ.టి. అంటారు. 1945 ప్రాంతంలో అక్కడి అర్థశాస్త్ర శాఖాధిపతి రాల్ఫ్ ఫ్రీమన్ తన శాఖలోని యువ ఆచార్యుడు పాల్ శామ్యూల్సన్ వద్దకు వచ్చి గోడు చెప్పుకున్నాడు. మూడవ సంవత్సరం విద్యార్థులు ఎనిమిది వందల మంది ఏడాది పొడుగునా అర్థశాస్త్రం చదివి తీరవలసి ఉంది. అది నిర్బంధ విషయం. వారికా, ఆ తరగతి పేరు చెబితేనే ఒళ్ళు మంట. యంత్రాలు నేర్చుకుందామని వచ్చినవారికి వడ్డీ రేట్లూ, పన్నులూ ఎందుకు? అప్పటికి ఉన్న పాఠ్యగ్రంథాలు వారి ముందు నిలవలేదు. ఏ భాగం వదిలిపెట్టినా సరే, పిల్లలు ఇష్టపడి చదివే పుస్తకం ఒకటి రాసిపెట్టమని ఫ్రీమన్ కోరాడు. ఆ పనికి మూడేళ్ళు పట్టింది. 1948లో వెలువడిన ఆ పుస్తకం పేరు 'ఎకనామిక్స్'. తరువాతి కాలంలో అది నలభైకి పైగా భాషలలోకి వెళ్ళింది. నలభై లక్షలకు మించి ప్రతులు అమ్ముడయింది. శామ్యూల్సన్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి ఈ పాఠ్యగ్రంథానికి కాదు, ఆయన సిద్ధాంత కృషికి. అయినా దేశదేశాల విద్యార్థులకు ఆయన పేరు తెలిసింది ఈ పుస్తకం వల్లనే.

లోకంలో అర్థశాస్త్రానికి ఇంత ప్రచారం తెచ్చిన గ్రంథం, ఇంజనీరింగు విద్యార్థులు ఒక నిర్బంధ విషయాన్ని భరించలేకపోవడం వల్ల పుట్టిందన్నమాట.

ఇంతకూ ఆ నిర్బంధం ఎవరు పెట్టారు? కవులూ, చరిత్రకారులూ తమ శాస్త్రాలకు గిరాకీ తగ్గిపోతుందని ఇంజనీరింగు కళాశాలల మీద బలవంతాన రుద్దారని చాలామంది అనుకుంటారు. చరిత్ర తిరగవేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ప్రతిసారీ ఈ నియమాన్ని కోరినవారు, దానికి లెక్క కట్టినవారు చాలామటుకు ఇంజనీర్లే.

1862లో అమెరికా కాంగ్రెసు మోరిల్ చట్టాన్ని ఆమోదించింది. జులై 2వ తేదీన లింకన్ దానిపై సంతకం చేశాడు. ప్రతి రాష్ట్రానికీ అక్కడి కాంగ్రెసు సభ్యుల సంఖ్యను బట్టి, ఒక్కొక్కరికి ముప్ఫై వేల ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమి ఇవ్వాలనీ, దానిని అమ్మగా వచ్చిన డబ్బుతో వ్యవసాయమూ, యంత్ర విద్యలూ నేర్పే కళాశాలలు నడపాలనీ దాని సారాంశం. ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది. ఈ కళాశాలలు తక్కిన శాస్త్రాలను, ప్రాచీన విద్యలను బహిష్కరించరాదు. శ్రామిక వర్గాల బిడ్డలకు చేతిపనికి పనికివచ్చే విద్యతో పాటు ఉదార విద్య కూడా అందాలి. రైతు కొడుకుకు నాగలి నేర్పితే చాలు, చరిత్ర ఎందుకు అనే వాదాన్ని ఆ చట్టం ఒప్పుకోలేదు. 1861లో స్థాపితమైన ఎం.ఐ.టి.కి కూడా ఈ భూముల సొమ్ములో వాటా ముట్టింది. 1881 నుండి 1897 వరకు దానికి అధ్యక్షుడుగా ఉన్న ఫ్రాన్సిస్ వాకర్ ఇంజనీరు కాడు. 1870, 1880 సంవత్సరాల జనాభా లెక్కలను నడిపించిన అర్థశాస్త్రవేత్త ఆయన.

చట్టంలో మాట ఉన్నంత మాత్రాన తరగతిలో చోటు దొరకదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి నాటికి విద్యుచ్ఛక్తి వచ్చింది. దాని వెనుకనే రసాయన పరిశ్రమలు వచ్చాయి. వంతెనలు, రైలుమార్గాలు సరే సరి. ప్రతి కొత్త విద్యకూ కొత్త పాఠం కావాలి. చదువు మాత్రం నాలుగేళ్ళే. పెట్టెలో కొత్త బట్టలు పట్టాలంటే పాతవి తీసివేయాలి కదా! మొదట గ్రీకు, లాటిన్ పోయాయి. తరువాత చరిత్ర తగ్గింది. చాలాచోట్ల మిగిలింది వ్యాసరచన నేర్పే ఇంగ్లీషు తరగతి ఒక్కటే.

ఈ స్థితిని పరీక్షించే పని చార్లెస్ మాన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యునికి అప్పగించారు. కోరినవి ఇంజనీర్ల సంఘాలు. ప్రచురించినది కార్నెగీ సంస్థ. 1918లో వెలువడిన ఆ నివేదికలో ఒక విచిత్రమైన పరిశీలన ఉంది. ఇంజనీరు తన వృత్తిలో రాణించడానికి కావలసిన గుణాలేవి అని మాన్ ముందుగా పదిహేను వందల మంది ఇంజనీర్లను అడిగాడు. వారి జవాబులను ఆరు వర్గాలుగా కూర్చాడు: శీలం, విచక్షణ, కార్యదక్షత, మనుషులను అర్థం చేసుకోగల శక్తి, విజ్ఞానం, సాంకేతిక నైపుణ్యం. ఈ ఆరింటినీ ప్రాముఖ్యాన్ని బట్టి వరుసలో పెట్టమని నాలుగు పెద్ద ఇంజనీరింగు సంఘాలలోని ముప్ఫై వేల మందికి కాగితాలు పంపాడు. ఏడు వేల మందికి పైగా జవాబిచ్చారు. వారిలో నూటికి తొంభై మందికి పైగా శీలాన్ని మొదట, సాంకేతిక నైపుణ్యాన్ని చిట్టచివర పెట్టారు.

ఈ లెక్కను చూసి మరీ మురిసిపోనక్కరలేదు. చేతిలో ఉన్న విద్యను ఎవరూ గొప్పగా చెప్పుకోరు. లేనిదాని విలువే తెలుస్తుంది. ఆ ఏడు వేల మందికీ నైపుణ్యం ఎలాగూ ఉన్నది కనుకనే దానిని చివరకు నెట్టి ఉండవచ్చు. పైగా శీలం సాహిత్యపు తరగతిలో అలవడుతుందని ఎవరు రుజువు చేశారు? కాని మాన్ నివేదిక వల్ల ఒక మేలు జరిగింది. నాలుగేళ్ళ చదువులో సింహభాగం ఆక్రమించిన విషయమే తమ వృత్తిలో చివరి స్థానంలో ఉన్నదని ఇంజనీర్లు తమ నోటితో తామే చెప్పారు. కళాశాలలు ఆ మాటను పెడచెవిని పెట్టలేకపోయాయి.

1940లో ఇంజనీరింగు బోధకుల సంఘం తరఫున హామండ్ అధ్యక్షతన ఒక ఉపసంఘం నివేదిక ఇచ్చింది. ఇంజనీరింగు చదువు రెండు కాండాలతో పెరగవలసిన చెట్టు వంటిదని అందులో చెప్పారు. ఒకటి శాస్త్ర సాంకేతిక కాండం. రెండవది మానవీయ, సాంఘిక కాండం. అప్పటివరకు ఈ పాఠాలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అతికిన అతుకులు. అలా కాక, మొదటి సంవత్సరం నుండి చివరి సంవత్సరం దాకా రెండు కాండాలూ ఒకదాని పక్కన ఒకటి ఎదగాలని వారి భావం. 1944లో అదే హామండ్ రెండవ నివేదికలో అంకె కూడా వేశారు. విద్యార్థి కాలంలో కనీసం నూటికి ఇరవై పాళ్ళు, అనగా ఐదవ వంతు, ఈ రెండవ కాండానికి చెందాలి.

మరుసటి సంవత్సరమే ఆ అంకెకు కొత్త అర్థం వచ్చింది. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమా మీద అణుబాంబు పడింది. యుద్ధకాలంలో ఎం.ఐ.టి. రాడార్ పరిశోధనకు పెద్ద కేంద్రంగా ఉండేది. వేలమంది అక్కడ పనిచేశారు. తమ చేతుల మీదుగా వచ్చిన సాధనాలు లోకాన్ని ఏమి చేయగలవో అక్కడి ఆచార్యులు కళ్ళారా చూశారు. 1947లో ఆ సంస్థ తన చదువు మొత్తాన్ని మొదటినుండి పరీక్షించడానికి ఐదుగురు ఆచార్యులతో ఒక సంఘాన్ని వేసింది. దాని అధ్యక్షుడు వారెన్ లూయీస్. రసాయన ఇంజనీరింగుకు పితామహుడని పేరు పొందిన వాడు. 1942 చివరలో అణుబాంబు పథకాన్ని సమీక్షించి సలహా చెప్పిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. కాబట్టి చరిత్రలో 'లూయీస్ సంఘం' అనే పేరుతో రెండు కనిపిస్తాయి. మొదటిది బాంబు తయారీ సాధ్యమా, ఏ మార్గాన సాధ్యం అని చూసింది. రెండవది ఇంజనీరు ఏమేమి చదవాలి అని చూసింది.

రెండవ సంఘం 1949 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. మానవీయ, సాంఘిక శాస్త్రాలు ఎం.ఐ.టి.లో అప్పటివరకు ఇంజనీరింగుకు ఊడిగం చేసే శాఖలుగా ఉండేవి. వాటికి ఇంజనీరింగుతో, విజ్ఞానశాస్త్రాలతో సమాన హోదాగల ప్రత్యేక విభాగం ఉండాలని సంఘం చెప్పింది. మరుసటి ఏడు, 1950లో, అటువంటి విభాగం ఏర్పడింది. దానికి మొదటి డీను జాన్ బర్చర్డ్. ఈయన కూడా అదే సంస్థలో వాస్తు ఇంజనీరింగు చదివినవాడు కావడం గమనించదగినది.

సమాన హోదా అన్న మాటలో ఈ కథ అంతటికీ కీలకం ఉంది. ఇంజనీర్లకు కాస్త సంస్కారం నేర్పండి అని తెచ్చిపెట్టిన అధ్యాపకుడు ఎంత పండితుడైనా, విద్యార్థి దృష్టిలో అతడు అతిథి. తన శాస్త్రంలో తాను పరిశోధన చేస్తూ, అందులో వాదోపవాదాలు నడుపుతున్న ఆచార్యుడు పాఠం చెబితే విద్యార్థి వింటాడు, వినకపోయినా గౌరవిస్తాడు. శామ్యూల్సన్ విషయంలో జరిగింది ఇదే. ఆయన పుస్తకంలోని ఆర్థిక సిద్ధాంతాలు కొందరు వ్యాపారస్థులకు నచ్చలేదు. వారిలో ఆ సంస్థ పాలకమండలికి దగ్గరివారు కూడా ఉన్నారు. అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ భౌతికశాస్త్రవేత్త. ఆచార్యుని రచనపై కత్తెర వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. సంస్కారం కోసం చెప్పే మెత్తని పాఠమే అయితే ఎవరికీ కోపం వచ్చేది కాదు. అర్థశాస్త్రం అలంకారం కాదని ఆ కోపమే చాటింది.

బర్చర్డ్ గురించి ఒక చిన్న ముచ్చట ఉంది. 1949 మార్చి 31వ తేదీన ఎం.ఐ.టి. జరిపిన మహాసభలో విన్‌స్టన్ చర్చిల్ ప్రసంగించాడు. మనుషుల ఆలోచనలను కచ్చితంగా అదుపులో పెట్టగల శక్తి విజ్ఞానశాస్త్రానికి రాబోతున్నదని మానవీయ శాస్త్రాల డీను గారు చెప్పడం తాను విన్నాననీ, ఆ రోజు రాకముందే తాను కన్నుమూస్తే సంతోషమనీ చర్చిల్ అన్నాడు. సభ నవ్వింది. విజ్ఞానశాస్త్రపు శక్తిని చూసి అబ్బురపడినవాడు మానవీయ శాస్త్రాల పెద్ద. అందుకు భయపడినవాడు రాజకీయవేత్త.

విషయాలు ఎన్నుకునే తీరు కూడా ఈ కాలంలోనే కుదురుకున్నది. మొదటి రెండేళ్ళలో అందరికీ ఉమ్మడి పాఠం. తరువాత విద్యార్థి తనకు నచ్చిన రంగాన్ని ఎంచుకుని అందులో కొంత లోతుకు వెళ్ళాలి. ఇన్ని చదవాలి అన్నది నిర్బంధం, ఏది చదవాలి అన్నది ఇష్టం. 'ఐచ్ఛిక విషయం' అనే మాట విని అది చదవకపోయినా ఫరవాలేదని భ్రమపడే విద్యార్థులు ఎక్కడైనా ఉంటారు. అసలు చిక్కు మరొకటి. ఇష్టానికి వదిలితే సులువైనదాని మీదకే ఇష్టం పోతుంది. ఇది ఉపాధ్యాయులకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

1955లో గ్రింటర్ నివేదిక ఐదవ వంతును మళ్ళీ ధ్రువపరచింది. గణితానికీ, మూల శాస్త్రాలకూ పావు, ఇంజనీరింగు శాస్త్రాలకు పావు, రూపకల్పనకు పావు, మానవీయ, సాంఘిక శాస్త్రాలకు ఐదవ వంతు, మిగిలినవాటికి పదవ వంతు. కూడితే ఒకటికి కొంచెం పైనే వస్తుంది. అవి సుమారు అంకెలేనని నివేదికే చెప్పింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1957 అక్టోబరు 4వ తేదీన, సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. అమెరికా గణితం, భౌతికశాస్త్రం అంటూ పరుగు తీసింది. ఆ పరుగులోనూ ఐదవ వంతు నిలిచింది కాని, దానిపై ఆసక్తి పలచబడింది. అది తిరిగి రగిలింది వియత్నాం యుద్ధం నాటి అలజడిలో. 1969 మార్చి 4వ తేదీన ఎం.ఐ.టి.లో శాస్త్రజ్ఞులు, విద్యార్థులు ఒకరోజు పరిశోధన మానివేసి, యుద్ధానికి తమ విద్య చేస్తున్న సేవ గురించి బహిరంగంగా చర్చించారు. 1976లో అక్కడ విజ్ఞానం, సాంకేతికత, సమాజం అనే మూడింటికీ గల సంబంధాన్ని పరిశీలించే ప్రత్యేక అధ్యయన విభాగం ఏర్పడింది.

మన దేశంలో ఈ ఆలోచనకు వేరే పుట్టుక ఉన్నది. బ్రిటిషు ప్రభుత్వం పెట్టిన ఇంజనీరింగు కళాశాలల పని ముఖ్యంగా మరామత్తు శాఖకు ఉద్యోగులను తయారు చేయడం. కాలువకు వాలు కట్టగలిగితే చాలు. అయినా ఆ రోజుల్లో ఇంజనీరింగుకు ముందు బి.ఏ. చదివి వచ్చినవారు కొందరుండేవారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నగర రక్షణకు పథకం రచించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1881లో బెంగుళూరు సెంట్రల్ కాలేజిలో బి.ఏ. పూర్తిచేసి, ఆ తరువాతనే పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు మూలం ఆ పథకమే. ఆ చేయే 1934లో భారతదేశానికి ఆర్థిక ప్రణాళిక ఎలా ఉండాలో ఒక గ్రంథం రాసింది.

చిత్రమేమంటే, స్వాతంత్ర్యం తరువాత మన విశ్వవిద్యాలయాల గురించి ఆలోచించినవారిలో మరొక వరదల ఇంజనీరు ఉన్నాడు. ఆయన ఆర్థర్ మోర్గన్ అనే అమెరికన్. 1913లో డేటన్ నగరాన్ని వరద ముంచినప్పుడు, ఆ లోయకు రక్షణగా ఆనకట్టలు కట్టించింది ఆయనే. 1920లో ఆంటియాక్ కళాశాలకు అధ్యక్షుడై, అక్కడి విద్యార్థులు కొంతకాలం తరగతిలో, కొంతకాలం ఉద్యోగంలో గడిపే పద్ధతి పెట్టాడు. 1933లో టెనెసీ లోయ సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1948లో భారత ప్రభుత్వం నియమించిన విశ్వవిద్యాలయ విద్యా సంఘంలో ఈయన ఒక సభ్యుడు. సంఘానికి అధ్యక్షులు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్-ఛాన్సలరుగా ఉన్నవారు. మేఘనాద్ సాహా కూడా సభ్యులే. ఒక తత్వవేత్త, ఒక ఇంజనీరు, ఒక భౌతికశాస్త్రవేత్త ఒక బల్ల చుట్టూ కూర్చున్నారన్నమాట. 1949లో ఇచ్చిన ఆ నివేదికలో సామాన్య విద్య గురించి కూడా చర్చించారు. ప్రత్యేక విద్యకూ సామాన్య విద్యకూ మధ్య గోడ ఉండరాదని వారి మతం.

1951లో ఖరగ్‌పూరులో మొదటి ఐ.ఐ.టి. తెరిచినప్పుడు దాని ముందున్న నమూనాలలో ఎం.ఐ.టి. ముఖ్యమైనది. ఒకప్పుడు స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో ఆ సంస్థ మొదలయింది. తరువాత వచ్చిన కాన్పూరు ఐ.ఐ.టి.కి 1962 నుండి 1972 వరకు తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు తోడ్పడ్డాయి, వాటిలో ఎం.ఐ.టి. ఒకటి. మానవీయ, సాంఘిక శాస్త్రాల శాఖ ఐ.ఐ.టి.లలో చదువుకు సహజమైన అంగంగా నాటుకున్నది ఈ దారినే. 2008లో మొదలయిన హైదరాబాదు ఐ.ఐ.టి.లో కూడా ఉదార కళల శాఖ ఉన్నది.

ఐ.ఐ.టి.లలో చదివేవారు కొద్దిమంది. తక్కిన వేల కళాశాలల సంగతి వేరు. తెలుగునాట జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాల పరిధిలో చదివినవారిని సాంకేతికం కాని పాఠమేది చదివారు అని అడిగితే, ఇంగ్లీషు తరువాత చాలామంది చెప్పేది 'మెఫా'. మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ ఎనాలిసిస్ అనే పేరును విద్యార్థులు అలా కుదించుకున్నారు. గిరాకీ రేఖ, జమాఖర్చులు, లాభనష్టాలు అందులో ఉంటాయి. పనికివచ్చే పాఠమే. కాని సంస్థను లాభంగా నడపడం ఎలా అన్న ప్రశ్న వేరు, ఆ సంస్థ సమాజానికి ఏమి చేస్తున్నది అన్న ప్రశ్న వేరు. మొదటిది రెండవదాని చోటు తీసుకున్నది.

దీనికి భిన్నమైన ప్రయత్నం 2015లో హైదరాబాదులోని అదే పేరుగల విశ్వవిద్యాలయం చేసింది. స్త్రీ పురుష సమానత్వం గురించి ఇంజనీరింగు విద్యార్థులందరికీ ఒక పాఠ్యాంశం పెట్టారు. దాని కోసం 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్' అనే పుస్తకం ప్రత్యేకంగా తయారయింది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలోనూ ఉన్న ఆ పుస్తకాన్ని తెలుగు అకాడమీ ప్రచురించింది. ఇంటర్మీడియెట్ దాటిన తరువాత తెలుగు అక్షరం కనబడని చదువులో, పాఠ్యగ్రంథంగా తెలుగు మళ్ళీ విద్యార్థి చేతికి వచ్చింది ఒక సాంకేతికేతర విషయం పుణ్యమా అని.

ఈలోగా అమెరికాలోనే ఐదవ వంతు కరిగింది. ఇంజనీరింగు కళాశాలలకు గుర్తింపునిచ్చే సంస్థ, 1980 నుండి 'ఎబెట్' అనే పేరు గలది, మానవీయ, సాంఘిక శాస్త్రాలకు కనీసం అర్ధ సంవత్సరం ఉండాలనేది. నాలుగేళ్ళలో అది ఎనిమిదవ వంతు. 2001 నుండి అన్ని కళాశాలలకూ వర్తించిన కొత్త నియమావళిలో ఆ కొలత కూడా పోయింది. విద్యార్థి ఎన్ని గంటలు చదివాడు అని కాక, వృత్తి నీతి తెలుసా, తన పని సమాజంపై చూపే ప్రభావం గ్రహించగలడా, చెప్పదలచింది చెప్పగలడా అని చూడడం మొదలు పెట్టారు. ఆలోచన మంచిదే. అయితే గంటలను లెక్కపెట్టవచ్చు. గ్రహింపును లెక్కపెట్టడం కష్టం. లెక్కకు రానిదానికి కాలపట్టికలో చోటు అడగడం ఇంకా కష్టం. ఎం.ఐ.టి. మాత్రం తన నియమాన్ని విడువలేదు. అక్కడ పట్టా పొందాలంటే ఈ శాస్త్రాలలో ఎనిమిది విషయాలు చదవాలి.

మన అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ఒక నమూనా పాఠ్యప్రణాళిక ప్రకటించింది. నాలుగేళ్ళకు మొత్తం 160 క్రెడిట్లు. అందులో మానవీయ, సాంఘిక శాస్త్రాలకు, మేనేజిమెంటును కూడా వాటిలోనే కలుపుకుని, 12. అనగా పదమూడవ వంతు. ఏ శాఖ విషయమైనా తీసుకోదగిన ఐచ్ఛికాలకు వేరే 18 క్రెడిట్లు ఉన్నాయి. కళాశాల తలచుకుంటే వాటిలో సాహిత్యమో, చరిత్రో పెట్టవచ్చు. అదే ప్రణాళికలో తప్పనిసరిగా చదవవలసిన మరికొన్ని విషయాలు ఉన్నాయి: పర్యావరణ శాస్త్రం, భారత రాజ్యాంగం, భారతీయ సంప్రదాయ విజ్ఞానం. వీటికి కేటాయించిన క్రెడిట్లు సున్న.